మురిసిపొమ్మని ఎవరికి చెబుతున్నాం?

మనకి ‘సవతి’ అన్న మాట ఉంది. సవతి పోరు ఉంది, సవతి ప్రేమ అన్న ఎత్తిపొడుపూ ఉంది. సవతిని చూసి మురిసిపోవడానికి మాత్రం మాట లేదు. ఇంగ్లిషులో ఒకటి ఉంది.. ‘కంపర్షన్’. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1971 నుంచి 1991 దాకా ఉమ్మడిగా బతికిన ‘కెరిస్టా’ అనే బృందం పుట్టించిన మాట. తన మనిషి ఇంకొకరితో సంతోషంగా ఉంటే కుళ్లుకోకుండా తానూ సంతోషించడమని అర్థం. ఒకరికి ఒకరే అన్న కట్టుబాటు వద్దనుకుని, అందరికీ తెలిసి, అందరూ ఒప్పుకుని ఉండేవాళ్ల మాట అది.

కల్యాణసింగ్‌పూర్ టీ బడ్డీ దగ్గర ఈ సంగతి చెబితే నవ్వారు. ‘ఇందులో కొత్తేముంది? మా ఊళ్లో ఒకడికి ఇద్దరు. కలిసే సంతకి వస్తారు’ అన్నాడొకాయన. పక్కన కూరగాయల బుట్ట ముందు కూచున్న పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. ‘కలిసి రాక ఏటి సేత్తారు బాబూ? పొలం ఒకటి, పొయ్యి ఒకటి’ అంది.

అసలు విషయం అక్కడే ఉంది.

నియమగిరి మీది డొంగరియా కొంధుల్లో మగవాడికి ఒకరికి మించి భార్యలుండటాన్ని ఆచారం ఒప్పుకుంటుంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం షెడ్యూల్డ్ తెగలకు, కేంద్రం నోటిఫై చేస్తే తప్ప, వర్తించదు. ఆ ఆచారం మంచీ చెడూ తేల్చాల్సింది అక్కడి ఆడవాళ్లే. కింద ఉన్న మన మాటేమిటి? భార్య ఉండగా రెండో పెళ్లి చెల్లదు, నేరం కూడా. అయినా చిన్నిల్లు ఆగిందా? పార్వతీపురంలో ఒక సంసారం, రాయగడలో ఇంకొకటి.. ఈ రైలు దారిలో వింతేం కాదు. పంచాయితీలో పెద్దావిడకి చెప్పేది ఒకటే, ‘సర్దుకుపో తల్లీ, ఆయన సుఖమే నీ సుఖం’ అని. ఇది కంపర్షన్ కాదు. గతిలేక దిగమింగడం!

అలాగని ఆ సంతోషం అబద్ధమని కొట్టిపారేయలేం. ఎదుటివారి సుఖానికి ఆనందించే గుణాన్ని బౌద్ధం, పతంజలి యోగసూత్రాలు ‘ముదిత’ అన్నాయి. మైత్రి, కరుణల పక్కన నిలబెట్టాయి. కానీ ముదిత ఎవరికి వారు అలవరచుకునేది. ఇంకొకరి నెత్తిన రుద్దేది కాదు.

చట్టం కూడా చాలాకాలం ఆమె మనసు అడగలేదు. పెళ్లయిన స్త్రీతో సంబంధం పెట్టుకున్న పరాయి మగవాణ్ణి ఐపీసీ 497 శిక్షించేది. ఆమె భర్త ఒప్పుకుంటే నేరమే లేదు! ఆమె భర్త సొత్తన్నట్టు రాసిన ఆ సెక్షన్‌ను 2018 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు కొట్టేసింది. సెక్షన్ పోయింది. మన బుద్ధి పోయిందా?

కాబట్టి ఎవరైనా ‘మా ఆవిడకి అభ్యంతరం లేదండీ’ అంటే మూడు ప్రశ్నలు అడగండి. ఆమెకి ముందే తెలుసా? వద్దంటే ఆమెకి కూడూ గూడూ మిగులుతాయా? అదే పని ఆమె చేస్తే మీరూ సంతోషిస్తారా? మూడింటికీ అవునంటే అది వాళ్ల సొంత వ్యవహారం, మనకెందుకు? ఒక్కటి తప్పినా ఆ సంతోషం ఆయన ఒక్కడిదే.

వచ్చేముందు పెద్దమ్మని అడిగాను, ‘మరి ఆ పెద్దావిడకి సంతోషమేనా?’ అని. బుట్ట సర్దుకుంటూ అంది, ‘ఇన్నాళ్లకి నువ్వు అడిగావు బాబూ. ఇంకెవులూ నన్నడగలేదు.’