పడుకోబెట్టిన సీసా

నేను చదువుకున్నది అరవ మీడియంలో. తెలుగు రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి.

2025 మార్చిలో మన శాసనసభలో తురువేకెరె ఎమ్మెల్యే ఎం.టి. కృష్ణప్పగారు ఒక కోరిక కోరారు. ఆడవాళ్లకు నెలకు 2,000 రూపాయలు ఇస్తున్నారు కదా, మగవాళ్లకు వారానికి రెండు సీసాలు ఉచితంగా ఇవ్వండి అని. పేపర్లో చదివి మనలో చాలామంది నవ్వుకున్నాం. అదే నెల మహారాష్ట్ర శాసనసభలో, సొసైటీ ఒప్పుకోలు పత్రం లేకుండా హౌసింగ్ సొసైటీల్లో కొత్త మద్యం దుకాణాలకు అనుమతి ఉండదని అప్పటి ఉపముఖ్యమంత్రి అజిత్ పవార్ చెప్పారు. దాన్ని మనవాళ్లెవరూ పట్టించుకోలేదు.

మహారాష్ట్రలో ఓటు పద్ధతి కూడా ఉంది. ఆడ ఓటర్లలో నాలుగోవంతు మంది సంతకాలు పెట్టి అడిగితే ఓటింగు జరపాలి. గుర్తులు రెండే. నిలబెట్టిన సీసా, పడుకోబెట్టిన సీసా. పడుకున్నది గెలిస్తే దుకాణం మూత.

అయితే అందులో ఒక మెలిక ఉంది. పడిన ఓట్లలో సగం చాలదు, జాబితాలో ఉన్న ఆడవాళ్లందరిలో సగం దాటాలి. పెళ్లై వెళ్లిపోయిన అమ్మాయి, మంచం పట్టిన అవ్వ, ఆ రోజు పనికి సెలవు దొరకనామె, అందరూ దుకాణానికే ఓటేసినట్టు లెక్క. ముప్పై ఏళ్లు హాజరు పట్టీ రాసినవాణ్ణి నేను. రాని మనిషిని వచ్చినట్టు రాస్తే మా ఆఫీసులో మెమో ఇచ్చేవారు.

1971లో తమిళనాట మద్యనిషేధం ఎత్తేసినప్పుడు మేము జోలార్‌పేటలో ఉన్నాం. నాకు పన్నెండేళ్లు. అప్పట్నుంచి జీతం రోజు మా అమ్మ, ఇంకొందరు ఆడవాళ్లు షెడ్డు గేటు దగ్గర నిలబడేవాళ్లు. నాయన చేతిలోని కవరు దుకాణం చేరేలోపు పట్టుకోవాలి. మా వీధి మొదట్లో ఆ దుకాణం పెట్టేముందు అమ్మను ఎవరూ అడగలేదు.

పూర్తి నిషేధం పెట్టమని నేను అనను. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో తమ ఊరి సారాయి దుకాణాన్ని తామే మూయించారు. అది నిలిచింది, 1993లో సారాయే పోయింది. 1995లో ఎన్టీఆర్ పెట్టిన సంపూర్ణ నిషేధం మాత్రం 1997 దాకానే నడిచింది. ఆ రెండేళ్లు ఇక్కణ్ణించి సీసాలు ఎట్లా సరిహద్దు దాటేవో రైల్లో తిరిగినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. ఒక్క దుకాణం మూస్తే తాగేవాడు పక్క వీధికి పోతాడంటారు. పోనీండి. మన పిల్ల ట్యూషన్ నుంచి వచ్చే దారిలో ఉండడు కదా.

కర్ణాటకలో బడికి, గుడికి 100 మీటర్ల దూరం ఉండాలనే రూలుంది. వీధివాళ్ల ఓటు లేదు. 2025-26కు అబ్కారీ రాబడి లక్ష్యం 40,000 కోట్లు పెట్టుకున్న ప్రభుత్వం తనంతట తానుగా ఇస్తుందా? మనమే ఎమ్మెల్యేగారికి అర్జీ రాయాలి. ఊళ్లకే కాదు, బళేపేట లాంటి పేటలకూ ఓటు కావాలి, పడిన ఓట్లనే లెక్కపెట్టాలి అని.

మొదటి సంతకాలు ఆడవాళ్లవి కావాలి. మన మీటింగు రాత్రి ఏడున్నరకు పెడితే ఏ అక్కయ్య వస్తుంది? ఈసారి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి పెట్టమని కార్యదర్శిగారిని అడుగుతున్నాను. కాఫీ ఖర్చు నాది.