కిన్నెర ఇంటి వారసులెక్కడ?

1968లో అమెరికాను ఊపేసిన ‘టైమ్ హాజ్ కమ్ టుడే’ పాట ఛాంబర్స్ సోదరులది. మిసిసిపీలో పాలికి సేద్యం చేసిన ఇంటి పిల్లలు నలుగురు. చర్చిలో పదునెక్కిన గొంతులకు ఎలక్ట్రిక్ గిటార్ తోడై సోల్, సైకెడెలిక్ రాక్ ఒక్క పాటలో కలిశాయి. 1967 నుంచి 1994 దాకా తనకు రాయల్టీ కింద ఒక్క పైసా అందలేదని లెస్టర్ ఛాంబర్స్ 2012లో లోకానికి చెప్పుకున్నాడు. ఆ మాట వింటే మాకు పాలమూరు కిన్నెర కళాకారులే గుర్తొచ్చారు.

నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్యది డక్కలి కుటుంబం. పన్నెండు మెట్ల కిన్నెర ఆయనకు పెద్దల నుంచి వచ్చిన ఆస్తి. వెదురు బొంగు, దాని కింద ఎండిన సొరకాయ బుర్రలు, మైనంతో అతికిన మెట్లు, కొసన నెమలీకలు. ఒక చేతి వేళ్లు మెట్ల మీద నడుస్తుంటే ఇంకో చేయి తీగ మీటుతుంది. గొంతు ఊపిరి తీసుకునే చోట కథను కిన్నెర అందుకుంటుంది. ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పెట్టిన పండుగ సాయన్న కథ పుస్తకాలకెక్కక ముందే ఇలాంటి గొంతుల్లో భద్రంగా ఉంది. మాదిగలకు కులపురాణం చెప్పి, వాళ్లు పెట్టింది తిని బతికిన ఆశ్రిత కులం డక్కలివారిది. ఆ ఆదరణ సన్నగిల్లాక కిన్నెర పట్టే చేతులూ తగ్గాయి.

2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాట ఎత్తుగడలో మొగిలయ్య గొంతు రాష్ట్రమంతా మోగింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన హైదరాబాద్ శివార్లలో ఇళ్ల కట్టుబడి దగ్గర కూలిపని చేస్తున్నారని వార్త వచ్చింది. అదే ఏడు నారాయణపేట జిల్లా దామరగిద్ద బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకూ పద్మశ్రీ ఇచ్చారు. సంతోషమే. కానీ పురస్కారం ఒక్కరి మెడలో పడుతుంది. విద్య నిలవాలంటే పక్కన కూర్చుని నేర్చే కొడుకో, బిడ్డో, మేనల్లుడో ఉండాలి. నేర్చినన్నాళ్లు ఆ పిల్లకు, ఆ పిల్లగాడికి బువ్వ ఎవరు పెడతారు? సన్మానసభల్లో ఈ ప్రశ్న వినబడదు.

పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టుకున్న తెలుగు విశ్వవిద్యాలయం ముందుకు రావాలి. కిన్నెర, బుర్రవీణ నేర్చుకునే పిల్లలకు నెలనెలా భృతి ఇవ్వాలి. కథలన్నీ పూర్తిగా రికార్డు చేసి, వాటి హక్కులు ఆ కుటుంబాల పేరనే రాయించాలి. సినిమావాళ్లు వాడుకున్న ప్రతి పాటకూ వాటా కట్టాలి. ఇది ఈ ఏడే మొదలు కావాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాం.