కృత్రిమ మేధ – ఫలమూ మూల్యమూ

గోదావరి తీరాన ఉన్న బూర్గంపాడుకు వరద కొత్త కాదు. 2022 జులైలో భద్రాచలం వద్ద నీటిమట్టం 71.3 అడుగులకు చేరినప్పుడు బూర్గంపాడు, సారపాక ప్రాంతాలు జలమయమయ్యాయి. అటువంటి ఊరికి వరద రాకను ముందుగా తెలిపే సాధనం ప్రాణదాత వంటిది. వర్షపాతాన్నీ, నదీప్రవాహాన్నీ, నేల వాలునూ బేరీజు వేసి ముంపును అంచనా కట్టే పనిలో కృత్రిమ మేధ నేడు తోడ్పడుతున్నది. గూగుల్ సంస్థ 2018లో పాట్నాలో ఆరంభించిన వరద సూచనలు అనంతరం దేశంలోని ఇతర నదీ ప్రాంతాలకు విస్తరించాయి.

వ్యవసాయానికీ దీని మేలు అందింది. ఖమ్మం జిల్లాలో 2022లో మొదలైన ‘సాగు బాగు’ పథకంలో 7,000 మంది మిరప రైతులు పాల్గొన్నారు. భూసార పరీక్షలు, పంట నాణ్యత పరీక్షలు, తెలుగులో సలహాలు వారికి లభించాయి. ఎకరా దిగుబడి 21 శాతం పెరిగిందనీ, పురుగుమందుల వాడకం 9 శాతం తగ్గిందనీ ప్రపంచ ఆర్థిక వేదిక ప్రకటించింది. ఇది రైతుకూ నేలకూ కూడా లాభమే.

అయితే ఏ ఫలమూ మూల్యం లేకుండా రాదు. కృత్రిమ మేధ ఆకాశంలో నివసించదు. వేలాది యంత్రాలు రేయింబవళ్లు పనిచేసే డేటా కేంద్రాలలో నివసిస్తుంది. వాటికి విద్యుత్తు కావాలి. వేడెక్కిన యంత్రాలను చల్లబరచడానికి అనేక చోట్ల నీరు కావాలి. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క ప్రకారం 2024లో ప్రపంచంలోని డేటా కేంద్రాలు సుమారు 41,500 కోట్ల యూనిట్ల విద్యుత్తును వినియోగించాయి. 2030 నాటికి ఇది రెట్టింపును మించవచ్చునని ఆ సంస్థ అంచనా. విశాఖపట్నంలో భారీ కేంద్రాన్ని నెలకొల్పుతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది.

మన దేశపు విద్యుత్తులో ఇంచుమించు నాలుగింట మూడు వంతులు బొగ్గు నుండే పుడుతున్నది. ఆ బొగ్గు ఎక్కడిదో బూర్గంపాడు ప్రజలకు వేరుగా చెప్పనక్కరలేదు. మణుగూరు గనులు, పాల్వంచ విద్యుత్కేంద్రాలు, 1,080 మెగావాట్ల భద్రాద్రి కేంద్రం వారికి ఇరుగుపొరుగులే. దీపం ఒక ఇంట, మసి మరొక ఇంట అన్నట్లు, వెలుగు నగరానికీ బూడిద పల్లెకూ దక్కడం న్యాయం కాదు. పోలవరం ముంపు నిమిత్తం 2014లో ఈ మండలంలోని కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. ఒకరి మేలుకు మరొకరు మూల్యం చెల్లించడమంటే ఏమిటో ఈ సీమకు తెలుసు.

ఒక ప్రశ్నకు అయ్యే ఖర్చు స్వల్పమేనని కొందరి వాదం. సాధారణ ప్రశ్నకు దాదాపు పావు వాట్-అవర్ మాత్రమే పడుతుందని గూగుల్ 2025లో వెల్లడించింది. నిజమే, కాని చినుకు స్వల్పమైనా చినుకులు కలిస్తేనే వరద. కోట్ల మంది అవసరం లేకున్నా అడిగే ప్రశ్నలు, సరదాకు గీయించే బొమ్మలు కలిసి పెనుభారమవుతాయి.

కాబట్టి నిషేధమూ, అంధవ్యామోహమూ రెండూ తగవు. ప్రతి కేంద్రమూ తాను వాడే విద్యుత్తునూ నీటినీ ప్రజలకు వెల్లడించాలి. సౌర, పవన విద్యుత్తులకు ప్రాధాన్యమివ్వాలి. వరద సూచనకూ, పంట రక్షణకూ, వైద్యానికీ ఈ శక్తిని మొదట వినియోగించాలి. స్వయంగా రాయగల వ్యాసాన్ని యంత్రం చేత రాయించే విద్యార్థి విద్యుత్తుతోపాటు తన ఆలోచనాశక్తినీ కోల్పోతాడు. వరదను ముందుగా చెప్పే యంత్రమే భూతాపాన్ని పెంచి వరదకు కారణం కాకుండా చూడడం నేటి తరం బాధ్యత.