శస్త్రచికిత్స పిమ్మట ఇంటివారి ధర్మము



స్థూలకాయము తగ్గుటకై జీర్ణాశయమునకు శస్త్రచికిత్స చేయించుకొనిన స్త్రీ యింటికి వచ్చిన పిదప తానెట్లు మెలగవలయునో, ఇంటివారామెతో నెట్లు మెలగవలయునో ఈ మాసము ముచ్చటింపదలచితిని. మా దిల్‌సుఖ్‌నగరు మొదలు ఎల్బీనగరు వరకు గల పేటలలో నిట్టి చికిత్స పొందిన యిల్లాండ్రు ఇప్పుడు అక్కడక్కడ కానవచ్చుచున్నారు. చికిత్సకు ముందు నెలల తరబడి యాలోచించి, అప్పు చేసి, మ్రొక్కులు మ్రొక్కిన కుటుంబములు సైతము, ఆమె తిరిగి వచ్చిననాటినుండి వంటయింటి పద్ధతి మారవలెనని తలపకున్నవి. చిక్కంతయు నచ్చటనే మొదలగుచున్నది.

మొదట ఒక యపవాదమును తొలగింపవలయును. లావైన స్త్రీని జూచి “తిండిపోతు” అనుట లోకమునకు పరిపాటి. 2019–21 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము తెలంగాణమున 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి 30 మంది యధికమైన బరువు గలవారు. వీరందరును తిండిపోతులా? చరకుడు తన సంహితయందలి సూత్రస్థానమున అతిస్థౌల్యమునకు కారణములను జెప్పుచు అతిభోజనము, వ్యాయామము లేమి, పగటినిద్ర అను వానితోబాటు బీజస్వభావమును గూడ పేర్కొనెను. తల్లిదండ్రులనుండి వచ్చిన దేహతత్త్వమని దాని భావము. నేటి వైద్యులును వంశపారంపర్యమును ముఖ్యకారణములలో నొకటిగా నెంచుచున్నారు. కావున చికిత్స చేయించుకొనిన స్త్రీ సిగ్గుపడవలసిన పని లేదు.

ఈ శస్త్రచికిత్సలలో రెండు విధములు మిక్కిలి వాడుకలో నున్నవి. మొదటిది బైపాస్. దీనిని 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ మేసన్ అను వైద్యుడు ప్రారంభించెను. నేటి పద్ధతిలో జీర్ణాశయపు పైభాగమును కోడిగ్రుడ్డంత సంచిగా విడదీసి దానిని చిన్నప్రేవునకు కలుపుదురు. రెండవదగు స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయమున ఇంచుమించు ముప్పాతిక భాగమును తీసివేసి, తక్కినదానిని అరటిపండువంటి సన్నని గొట్టముగా నిలుపుదురు. ఆకలి పుట్టించు గ్రెలిన్ అను హార్మోను ఎక్కువగా నుత్పన్నమగునది ఆ తీసివేయబడిన భాగముననే. అందుచేత మొదటి మాసములలో నామెకు ఆకలియే తోపకుండుట వింతగాదు. తినకున్నదని బెంగటిల్లి బలవంతపెట్టరాదు.

ఇక వంటయింటి మాట. మొదటి వారములలో ద్రవపదార్థములు, పిమ్మట మెత్తగా మెదిపిన పదార్థములు, ఆ తరువాత మృదువైన యాహారము, సుమారు రెండు నెలలకు మామూలు వంటలు అని సాధారణ క్రమము. గడువులు మాత్రము చికిత్స చేసిన వైద్యుడు చెప్పినట్లే నడువవలయును. తినునపుడు చిన్నచిన్న ముద్దలుగా, చక్కగా నమలి, నెమ్మదిగా తినవలెను. భోజనముతోబాటు నీరు త్రాగరాదు. తినిన యరగంటకు గాని త్రాగరాదు. తక్కిన దినమంతయు గ్రుక్కెడు గ్రుక్కెడుగా త్రాగుచుండవలెను.

మన విస్తరిలో అన్నము కొండవలె నడుమ నిలుచును. పప్పు దానికి తోడుగా వచ్చును. ఈమె కంచములో నీ క్రమము తలక్రిందులు కావలయును. దినమునకు కనీసము 60 గ్రాముల మాంసకృత్తులు కావలెనని వైద్యులు చెప్పుదురు. ఒక కోడిగ్రుడ్డునందు ఇంచుమించు 6 గ్రాములే యుండును. పిడికెడు తినగలిగిన కడుపునకు ఇదెంత కష్టమో గ్రహింపుడు. అందుచేత పెసలు, కందిపప్పు, పెరుగు, పనీరు, మాంసాహారులైనచో గ్రుడ్లు, చేపలు మున్ముందు తిని, పిమ్మట కూరలు, చిట్టచివర చోటున్నచో అన్నము తినవలెను.

మన యిండ్లలో ప్రేమకు కొలత వడ్డన. మా వీధిలోని యొక యిల్లాలికి చికిత్స జరిగి మూడు నెలలు గడచెను. బోనాల పండుగనాడు ఆడుబిడ్డ ఇంట విందు. “ఇంకొక్క ముద్ద తిను బిడ్డా, ఏమైతది” అని పెద్దలందరును అడిగిరి. కాదనలేక తిని, పెరటిలోనికి బోయి వాంతి చేసికొని, ముఖము కడుగుకొని నవ్వుచు వచ్చినది. అది మొదలు ప్రతి పలకరింపునకు నదే వరుస. కొన్ని వారములకు కాళ్లు తిమ్మిరులెక్కి, నడక తడబడగా వైద్యునికడకు కొనిపోయిరి. విడువని వాంతులచేత థయమిన్ అను బి1 విటమిన్ క్షీణించినచో నరములకు హాని కలుగును. ఆలస్యమైనచో నది మానకయు పోవచ్చును. దైవవశమున నామె కోలుకొనెను. పిమ్మట నామె యత్తగారు చేసిన పని నాకెంతయు నచ్చినది. మనుమని యన్నప్రాశనమునాటి వెండిగిన్నె తీసి, “ఇగ నీ కొలత ఇదే, ఎవరడిగినా నేను జెప్తా” అనెను. అత్తగారట్లు నిలిచిన యింట కోడలు పెరటికి పోవలసిన యవసరముండదు.

లంఖణము పరమౌషధమను సామెత వీరికి వర్తింపదు. ఏకాదశికిని, కార్తీక సోమవారమునకును నీరైన ముట్టకుండుట ప్రమాదకరము. అట్లే తీపి వస్తువులును. బైపాస్ చేయించుకొనినవారు చక్కెర తినినచో నది వేగముగా ప్రేవులలోనికి జారి గుండెదడ, చెమటలు, కడుపునొప్పి, తలతిప్పుట కలుగజేయును. ప్రసాదమును కన్నులకద్దుకొని మెతుకంత నోటవేసికొనినను భక్తికి లోపము రాదు.

“బరువు తగ్గినది గదా, ఇంకను మాత్రలెందుకు?” అనువారు పెక్కురు. ఇనుము, కాల్షియము, బి12, డి విటమిన్లు జీవితాంతము వైద్యుడు చెప్పినట్లు పుచ్చుకొనవలెను. పైని జెప్పిన సర్వేలోనే మన రాష్ట్రపు స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత గలవారని తేలినది. అట్టి దేహమునకు ఆహారము తగ్గి, మాత్రలును మానినచో గతి యేమి? ఇనుము మాత్రను, కాల్షియము మాత్రను ఒక్కసారి మ్రింగక రెండు గంటల యెడమియ్యవలెను. కాఫీ, టీలతో ఇనుము మాత్ర వేసికొనరాదు. ఏటేట రక్తపరీక్ష మరువరాదు. మూడవ నెల మొదలు జుట్టు రాలుట సామాన్యము. పోషణ సరిగా నున్నచో మరల మొలచును.

పెద్దలకు మరియొక మనవి. బరువు తగ్గినకొలది గర్భము త్వరగా నిలుచు నవకాశము హెచ్చును. కాని 12 మొదలు 18 మాసముల వరకు గర్భము ధరింపరాదని వైద్యుల మతము. ఈలోపల మనుమని కొఱకు తొందరపెట్టుట తల్లికిని బిడ్డకును మేలు గాదు. దంపతులు ముందుగానే వైద్యుని సలహా పొందవలయును.

మొదటి ఆరు మాసములు బరువు వడిగా తగ్గును. నడుమ కొన్ని వారములు ముల్లు కదలదు. అధైర్యపడరాదు. రెండేండ్ల పిదప కొంత బరువు తిరిగి వచ్చుటయు గలదు. అది చూచి యెత్తిపొడువరాదు. నడక మానకున్న చాలవరకు నిలుకడగా నుండును. 2018లో ఎల్బీనగరు వరకు మెట్రో రైలు వచ్చినది గదా. అటునుండి దిల్‌సుఖ్‌నగరు వచ్చువారు చైతన్యపురిలో దిగి తక్కిన దారి నడచినను మేలే. వేకువను సరూర్‌నగరు చెరువుకడ నడచుటకు తోటికోడలో, ఆడుబిడ్డయో తోడు వచ్చినచో నంతకన్న కావలసినదేమి!

ఇట్టి చికిత్స పొందిన సోదరీమణులు తాము వండుకొను మెత్తని వంటలను, వాని కొలతలను వ్రాసి పంపినచో రాబోవు సంచికలో ప్రకటించెదము. పంటికింద రాయివలె మాటలనక, గిన్నెడు పెసరకట్టు వేళకు కాచియిచ్చు ఇంటివారుండిన, ఆ యిల్లాలికి సగము వైద్యము జరిగినట్లే.