సొరకాయ రోజు ప్రార్థన

మా గుంటూరు వైపు క్రైస్తవుల ఇళ్ళలో ఎవరైనా ప్రభువు నందు నిద్రిస్తే, సమాధి చేసిన కొన్నాళ్ళకి ఆదరణ కూడిక పెడతారు. ఇంటి ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, పోయినాయన ఫోటో, దాని పక్కన మైకు. అయ్యగారు వాక్యం చెప్పడం అయ్యాక ఒక్కొక్కరే లేచి నాలుగు మాటలు చెబుతారు. ‘గొప్ప ప్రార్థనాపరుడు’, ‘పల్లెత్తు మాట అనని మనిషి’, ‘సంఘానికి స్తంభం’. ఇలా అరగంట గడిచేసరికి ముందు వరసలో కూర్చున్న భార్యకి చిన్న అనుమానం మొదలవుతుంది, ఇంతకీ వీళ్ళు మాట్లాడుతున్నది ఎవరి గురించీ అని. మూడేళ్ళ కింద నాకూ మొదలైంది. మా ఆయన మంచివారే, కాదనను. కానీ పల్లెత్తు మాట అనకపోవడమా! ఆయనకి చమత్కారం లేకుండా కాఫీ కూడా అడగడం రాదు.

నలభై ఒక్క సంవత్సరాలు లెక్కల మాస్టారితో కాపురం చేశాను. ఆ మైకులో వినపడిన మనిషితో ఒక్కరోజు కూడా చెయ్యలేదు. ఒక మనిషి పోయాక రెండోసారి పోవడం అంటే ఇదేననిపిస్తుంది నాకు. అందరూ కలిసి ఆయన్ని కడిగి, ఇస్త్రీ చేసి, గోడకి తగిలించేస్తారు. ఇక దించి మాట్లాడదామంటే చేతికందరు.

విధవరాలికి మన సంఘాల్లో రెండు ఉత్తర్వులుంటాయి. మొదటి పది రోజులూ ‘ఏడవకూడదమ్మా, మనం నిరీక్షణ గలవాళ్ళం’ అంటారు. ఆ తర్వాత ఎప్పుడైనా పొరపాటున నవ్వొస్తే ‘అప్పుడే నవ్వులేంటో’ అని పక్కకి తిరుగుతారు. మరి మనిషి మొహం ఎలా పెట్టుకోవాలో ఎవరూ చెప్పరు. థెస్సలొనీకయులకి రాసిన మొదటి పత్రిక నాలుగో అధ్యాయంలో పౌలు ఏడవొద్దని చెప్పలేదు. నిరీక్షణ లేనివాళ్ళు ఏడ్చినట్టు ఏడవొద్దన్నాడు. ఆ రెంటికీ చాలా తేడా ఉంది. ఇంకాసేపట్లో లాజరును తానే లేపబోతున్నానని తెలిసి కూడా యేసు ఆ సమాధి దగ్గర కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఏడుపుకి అంతకన్నా పెద్ద అనుమతి ఏం కావాలి? ఇక మిగిలింది నవ్వు. దానికీ అనుమతి ఉంది, ఆదికాండంలోనే ఉంది, ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు మా ఆయన సంగతి.

మా ఇంట్లో అన్నం ముందు ప్రార్థన ఆయనే చేసేవారు. ఎంతసేపు చేస్తారన్నది కూరని బట్టి ఉండేది. చేపల పులుసు రోజున రెండే ముక్కలు: ‘స్తోత్రం తండ్రీ, ఆమేన్.’ ఆ ‘ఆమేన్’ అంటుండగానే చెయ్యి గిన్నె మీదకి పోయేది. సొరకాయ వండిన రోజున మాత్రం ఆయనలో ప్రార్థనాపరుడు నిద్రలేచేవారు. సంఘంలో రోగులు, వీధిలో విధవరాళ్ళు, పరీక్షలు రాసే పిల్లలు, ఆఫ్రికాలో మిషనరీలు, రాష్ట్రానికి వానలు, దేశానికి నాయకులు. కూర చల్లారిపోయేది. నేను ఒక కన్ను తెరిచి చూస్తే ఆయనా ఒక కన్ను తెరిచి నన్నే చూస్తుండేవారు!

గుళ్ళో సంగతి ఇంకోటి. ప్రసంగం మొదలైన ఐదో నిమిషానికి మా ఆయన కళ్ళు మూతపడేవి. అడిగితే ‘ధ్యానం’ అనేవారు. ఒక ఆదివారం అయ్యగారు, గుడి పైకప్పు మరమ్మతుకి ఇంకా నలభై వేలు తక్కువ పడుతున్నాయని బాధగా ప్రకటించారు. సరిగ్గా అప్పుడే మెలకువ వచ్చి ఈయన గుడంతా మోగేట్టు ‘హల్లెలూయ!’ అన్నారు. ఆడవాళ్ళ వైపు కూర్చున్న నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఇంటికొచ్చాక చీవాట్లు పెడితే, ‘లక్ష తక్కువ పడతాయనుకున్నానోయ్, నలభయ్యే అనేసరికి సంతోషం పట్టలేకపోయాను’ అన్నారు. లెక్కల మాస్టారు కదా.

ఆఖరి రోజుల్లో ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టి ఉంచారు. అయ్యగారు వచ్చి మంచం పక్కన నిలబడి చాలాసేపు ప్రార్థించారు. మధ్యలో ఈయన మాస్కు కొంచెం పైకెత్తి, ‘అయ్యగారూ, క్లుప్తంగా కానివ్వండి, దేవుడికి పక్క వార్డుల్లో కూడా పేషంట్లున్నారు’ అన్నారు. నర్సమ్మ మొహం తిప్పుకుని నవ్వింది. అయ్యగారు కూడా నవ్వేశారు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. ఇలాంటి మాటలేవీ ఆదరణ కూడికలో మైకు దాకా రాలేదు.

సరే, ఆదికాండానికి వద్దాం. శారా గుడారం ద్వారంలో నిలబడి, ఈ ముసలితనంలో నాకు బిడ్డా అని లోలోపల నవ్వుకుంది. ఎందుకు నవ్వావంటే, నవ్వలేదని బొంకింది. లేదు, నవ్వావు అన్నాడు దేవుడు. అంతకుముందు అబ్రాహాము కూడా సాగిలపడి నవ్వినవాడే. ఆ మొగుడూ పెళ్ళాల నవ్వుకి పుట్టిన పిల్లాడు ఇస్సాకు. ఆ పేరుకి అర్థమే నవ్వు. నూట ఇరవై ఏడేళ్ళు బతికి శారా చనిపోయింది. అబ్రాహాము ఆమె కోసం అంగలార్చి ఏడ్చాడని ఇరవై మూడో అధ్యాయం మొదట్లోనే ఉంది. తర్వాత లేచి, హిత్తీయులతో మాట్లాడి, మక్పేలా గుహ ఉన్న పొలాన్ని 400 తులాల వెండికి కొని ఆమెను పాతిపెట్టాడు. ఇక్కడిదాకా అందరూ చెప్పే ప్రసంగమే. ఆ సాయంత్రం సంగతే నాకు ఆలోచన. భార్య లేని గుడారానికి తిరిగొచ్చిన ముసలాయన కొడుకుని పిలవాలి కదా. ఏమని పిలిచి ఉంటాడు? నవ్వూ, ఇలా రా నాయనా, అనే కదా! ఏడ్చి వాచిన నోటితో రోజుకి పదిసార్లు ఆమె నవ్వు పేరు పలకాల్సి వచ్చింది. ఇది నా ఊహే, ఏ పండితుడూ చెప్పింది కాదు. కానీ ఆ పేరు పెట్టించినవాడికి ముందుచూపు లేదని మాత్రం నేననుకోను.

మాది లూథరన్ కుటుంబం. 1842లో హేయర్ దొర గుంటూరు వచ్చి మొదలుపెట్టిన సంఘం తాలూకు. అందువల్ల మార్టిన్ లూథర్ ఫోటో మా ఇంట్లో నా చిన్నప్పటినుంచీ ఉంది, గంభీరంగా. ఆ గంభీరమైన మనిషి పెళ్ళాంతో ఎలా మాట్లాడేవాడో చాలా ఆలస్యంగా చదివాను. భార్య కేథరీనా మఠం నుంచి తప్పించుకొచ్చిన సన్యాసిని. 1525లో పెళ్ళయింది. తోట, పశువులు, బీరు కాయడం, ఇంటినిండా విద్యార్థులు, అన్నీ ఆవిడే చూసుకునేది. ఆయన ఆవిణ్ణి ‘నా దొర కేటీ’ అని ఆటపట్టించేవాడు. 1546 ఫిబ్రవరిలో ఆయన జబ్బు మనిషి, వేరే ఊళ్ళో ఉన్నాడు. ఈవిడ బెంగతో ఉత్తరాలు రాస్తోంది. ఫిబ్రవరి 10న జవాబిస్తూ, ‘పరిశుద్ధురాలు, దిగులుమారి అయిన’ శ్రీమతికి అన్న ధోరణిలో సంబోధించి, నువ్వు దిగులు పడటం మొదలుపెట్టాకే మా బస తలుపు దగ్గర నిప్పంటుకుంది, నిన్న ఓ రాయి నెత్తిన పడబోయింది, నీ దిగులు ఇలాగే సాగితే భూమి నోరు తెరిచి మింగేస్తుందేమో అని వేళాకోళమాడాడు. దిగులు దేవుడికి వదిలెయ్యమన్నాడు.

ఎనిమిదో రోజున, ఫిబ్రవరి 18న, పోయాడు.

ఆ తర్వాత ఆవిడ మరదలికి రాసిన ఉత్తరం కూడా మిగిలింది. తిండి లేదు, నిద్ర లేదు అని రాసుకుంది. ఆస్తంతా ఆమె పేర రాసిపెట్టినా అప్పటి చట్టం ఒప్పుకోక సంరక్షకులని పెట్టారు. (నామినీ పేరు, పెన్షన్ కాగితాలు అంటూ తిరిగిన ఆడవాళ్ళందరికీ ఆవిడ మీద ప్రేమ పుట్టుకొస్తుంది.) అంత మహా మనిషి రాసిన పుస్తకాలు ఇంట్లో గుట్టలు ఉన్నాయి. కానీ ఆ దిగులు రాత్రుల్లో ఆవిడ ఏ కాగితం బయటికి తీసి ఉంటుంది? వ్యాఖ్యానాలని మాత్రం అనుకోలేను. ఆ రాయి నెత్తిన పడబోయిన ఉత్తరమే అయి ఉంటుంది.

ఇంగ్లీషు రచయిత సి.ఎస్. లూయిస్ సంగతి మరో రకం. 1960లో భార్య జాయ్ పోయింది. ఆ దుఃఖాన్ని నోటుబుక్కుల్లో రాసుకుని, మరుసటి ఏడాది 1961లో మారుపేరుతో అచ్చు వేయించాడు. అందులో దేవుడితో పోట్లాట చాలా ఉంది, మన సంఘాల్లో కొందరు చదివితే కంగారు పడతారు. నాకు పనికొచ్చింది ఒక్క విషయం. గుండె బరువుగా ఉన్నన్నాళ్ళూ ఆమె సరిగ్గా గుర్తుకు రాలేదనీ, ఒక ఉదయం మనసు తేలిక పడ్డప్పుడే ఆమె ఉన్నది ఉన్నట్టుగా తలపుకొచ్చిందనీ రాశాడు. కన్నీళ్ళ పొర కళ్ళకడ్డం ఉంటే ఎదుటి మనిషి మసగ్గానే కనిపిస్తాడు మరి.

మా ఇంట్లో జరిగిందీ అదే. నా సంగతలా ఉంచి మా అమ్మాయి గురించి నాకు భయం పట్టుకుంది. తండ్రి పోయిన ఏడెనిమిది నెలలు ఆయన మాట ఎత్తితే చాలు, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. గుడికి రావడం తగ్గించింది. ‘దేవుడికి ఏం తక్కువైందని నాన్నని తీసుకెళ్ళాడు’ అని ఒకసారి, ఒకేసారి, అంది. నేను జవాబు చెప్పలేదు. నా దగ్గర లేదు కూడా. ఒక రాత్రి సొరకాయ కూర వండింది. మనవడు, అప్పటికి ఆరేళ్ళవాడు, కంచం ముందు కూర్చుని చేతులు జోడించి కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు: రోగులు, విధవరాళ్ళు, పరీక్షలు రాసే పిల్లలు, ఆఫ్రికా... తాతయ్య గొంతే, ఆ సాగదీతే! వాడికి ఎప్పుడు పట్టుబడిందో! మా అమ్మాయి గరిటె కింద పెట్టి నవ్వింది. నవ్వి నవ్వి, అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చింది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ‘నాన్న అచ్చం ఇలాగే చేసేవాడు కదమ్మా’ అంది. ఎనిమిది నెలల్లో నాన్న అన్న మాట అదే మొదలు.

అందరి కాపురాలూ ఇలా ఉండవు. మొగుడి హాస్యమంతా పెళ్ళాం వంట మీద, రంగు మీద, పుట్టింటి మీద సాగిన ఇళ్ళు నాకు తెలుసు. అలాంటి ఇంట్లో మిగిలిన ఆవిణ్ణి కూర్చోబెట్టి సరదా సంగతులు చెప్పమనడం క్రూరత్వం. ఆవిడకి కావలసింది వేరు. అలాగే కొందరికి ఏడాది కాదు, ఐదేళ్ళయినా నవ్వు రాదు. రానివ్వండి, తొందరేముంది.

ఒక్కటి మాత్రం చేస్తే బావుంటుంది. ఆదరణ కూడికకి వెళ్ళినప్పుడు, పోయినాయన ప్రార్థనాపరుడని చెప్పాక, ఆయన మిమ్మల్ని నవ్వించిన సంగతి ఒకటి కూడా చెప్పండి. మైకులో చెప్పడానికి మొహమాటమైతే కాగితం మీద రాసి ఇంటివాళ్ళకి ఇవ్వండి. మా ఆయన మొదటి సంవత్సరీకం కూడికలో అయ్యగారే లేచి హల్లెలూయ సంగతి చెప్పారు. పైకప్పు కింద కూర్చున్న సంఘమంతా నవ్వింది. ఆ నవ్వులో ఆయన ఉన్నారు, నేను చూశాను.

ఇంకొక విషయం మిగిలిపోయింది. సద్దూకయ్యులు యేసుని ఇరికిద్దామని అడిగిన ప్రశ్న ఉంది కదా, ఏడుగురు అన్నదమ్ముల్ని వరసగా పెళ్ళాడిన ఆవిడ పునరుత్థానంలో ఎవరి భార్య అని. అక్కడ పెళ్ళిళ్ళు ఉండవన్నాడు ఆయన. ఈ వాక్యం చదివినప్పుడల్లా మా ఆయన ‘విన్నావటోయ్, నీకు విడుదల’ అనేవారు. ఇప్పుడు అదే వాక్యం ఒక్కదాన్నీ చదువుతుంటే గుండె కలుక్కుమంటుంది. భార్యాభర్తలం కాకపోతే ఏమవుతామో నాకు తెలియదు. ఆయన్ని గుర్తు పడతానన్న నమ్మకం మాత్రం ఉంది. ఎవరైనా సుదీర్ఘంగా స్తుతి చేస్తుంటే వెనక వరసలో ఒక కన్ను తెరిచి చూసేవారెవరో వెతుక్కుంటే సరిపోతుంది.

సమాధుల పండక్కి ఈసారి కూడా సున్నం వేయించి, బంతిపూలు, కొవ్వొత్తులు పట్టుకెళతాం. రాతి మీద ఆయన పేరు కింద నా పేరుకి చోటు వదిలించారు, ఆయన బతికుండగానే మేస్త్రితో బేరమాడి. ‘ఇద్దరికీ కలిపి చెక్కితే అక్షరానికి ఎంత తగ్గిస్తావయ్యా’ అని అడిగారట.

సొరకాయ ఇప్పటికీ వారానికోసారి వండుతున్నాం. వంటింట్లోంచి వాసన రాగానే మనవడు తొంగిచూసి అడుగుతాడు, ‘అమ్మమ్మా, ఇవాళ పెద్ద ప్రార్థనేనా?’