ప్రైవేటు బడి అయితే దెబ్బ చిన్నదవుతుందా?

ఆటలో తలకు దెబ్బ తగిలిన పిల్లాడు లేచి నిలబడి ‘బాగానే ఉన్నా’ అంటే చాలు, మళ్లీ మైదానంలోకి పంపేస్తారు. కంకషన్‌తో వచ్చే ముప్పు అదే. స్పృహ తప్పకపోవచ్చు, స్కానింగ్‌లోనూ ఏమీ కనిపించకపోవచ్చు. మెదడు కోలుకోకముందే మరో దెబ్బ తగిలితే, అరుదుగానైనా, ప్రాణం మీదికొస్తుంది.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 2006లో 13 ఏళ్ల జాకరీ లిస్టెడ్ట్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో దెబ్బ తగిలాక మళ్లీ ఆడాడు. మెదడుకు తీవ్ర గాయమై వైకల్యం పాలయ్యాడు. అతని పేరిట అక్కడ 2009లో చట్టం వచ్చింది. కంకషన్ అనుమానం వస్తే వెంటనే ఆట ఆపించాలి. లైసెన్సున్న ఆరోగ్య నిపుణుల రాతపూర్వక అనుమతి లేనిదే తిరిగి ఆడించకూడదు. 2014 నాటికి 50 రాష్ట్రాలూ ఇలాంటి చట్టాలు చేశాయి.

అవి ఎవరికి వర్తిస్తాయన్నదే చిక్కు. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న న్యూజెర్సీలో 2010 నాటి చట్టం పోటీల్లో పాల్గొనే ప్రైవేటు బడులనూ పరిధిలోకి తెచ్చింది. పక్కనున్న న్యూయార్క్ 2011లో చేసిన చట్టం మాత్రం అప్పట్లో ప్రభుత్వ, చార్టర్ బడులకే తప్పనిసరిగా ఉండేది. ప్రైవేటు బడులు ‘పాటిస్తే మంచిది’ అని సరిపెట్టింది.

ఫీజుతో పాటే భద్రతనూ కొన్నామనుకుంటారు తల్లిదండ్రులు. చట్టం అడగని చోట వాళ్లే అడగాలి: దెబ్బ తగిలిన పిల్లాణ్ని మళ్లీ ఆడించాలా వద్దా తేల్చేది మ్యాచ్ గెలవాలనుకునే కోచా, డాక్టరా?