పోనీలే అనుకున్నారు!

అమెరికాలోని బాల్టిమోర్ నగరం. 2019 ఆగస్టు మొదటివారం. కన్వెన్షన్ సెంటర్ నిండా రంగురంగుల జూలు, తోకలు, నెత్తిన కొమ్ములు, వీపున రెక్కలు... వాటిని పెట్టుకున్నది చిన్నపిల్లలేమో అనుకుంటే పొరపాటే. చాలామంది ఇరవై ఏళ్లు దాటిన మగవాళ్లు. గడ్డాలూ మీసాలూ ఉన్నవాళ్లు. వాళ్లంతా పొలోమంటూ అక్కడికొచ్చింది ‘మై లిటిల్ పోనీ’ అనే కార్టూన్ కోసం. ఆడపిల్లలకు బొమ్మగుర్రాలు అమ్ముకునే కంపెనీ తీసిన కార్టూన్ అది!

ఆ జాతర పేరు ‘బ్రోనీకాన్’. అన్నా తమ్ముడూ అని ముద్దుగా పిలుచుకునే ‘బ్రో’కి పొట్టి గుర్రం ‘పోనీ’ని కలిపితే ‘బ్రోనీ’. అంటే పోనీలను ఇష్టపడే పెద్దవాళ్లన్నమాట. 2011లో న్యూయార్క్‌లో మొదటిసారి కలిసినప్పుడు వాళ్లు సుమారు వందమంది. మరుసటేడాది వేసవికి 4 వేలు. 2015లో ఏకంగా 10 వేలు దాటారు. అక్కణ్నుంచి జనం పల్చబడటం మొదలైంది. 2016లో ఏడున్నర వేలు. 2018లో ఐదున్నర వేలు. 2019లో జరిపేదే ఆఖరుదని నిర్వాహకులు ప్రకటించారు. తీరా ఆ ఆఖరు జాతరకు వచ్చినవాళ్ల లెక్క మళ్లీ 10 వేలు దాటింది!

మూడేళ్లపాటు రానివాళ్లంతా ఏమయ్యారు? నచ్చక వెళ్లిపోయారనుకుంటే, మూసేస్తున్నారని తెలియగానే రెక్కలు కట్టుకుని వాలిందెవరు?

ఎగతాళికి వెళ్లి...

పోనీ బొమ్మలు 1980ల నాటివి. హాస్బ్రో కంపెనీ తయారుచేసింది. వాటిమీద అప్పట్లోనే కార్టూన్లూ వచ్చాయి. తర్వాత ఆ గుర్రాలకు కొత్త కథ అల్లే పని లారెన్ ఫాస్ట్ చేతికొచ్చింది. కార్టూన్ నెట్‌వర్క్ చూస్తూ పెరిగిన మన పిల్లలకు బాగా తెలిసిన ‘పవర్‌పఫ్ గర్ల్స్’కి పనిచేసిన ఆవిడే. ఆడపిల్లల కార్టూన్ అనగానే టీపార్టీలూ కిలకిలలూ తప్ప ఇంకేం ఉండవన్న మాటను ఆమె తిప్పికొట్టాలనుకుంది. అందుకే ఆరుగురు కథానాయికలకూ ఆరు రకాల బుద్ధులిచ్చింది. పుస్తకంలో తలదూరిస్తే లోకం పట్టని ట్వైలైట్ స్పార్కిల్, నోరు విప్పాలంటేనే భయపడే ఫ్లటర్‌షై, తోటపనిలో మునిగిపోయే యాపిల్‌జాక్, దూకుడెక్కువైన రెయిన్‌బో డాష్... ఇలా. ట్వైలైట్‌కు మొదట్లో స్నేహితులే ఉండరు. గురువైన రాకుమారి ఆమెను ఓ చిన్న ఊరికి పంపుతుంది. అక్కడ స్నేహం గురించి ఏం తెలుసుకుందో ట్వైలైట్ ఆమెకు ఉత్తరాలు రాస్తుంటుంది. కథంతా అంతే!

2010 అక్టోబరు 10న అమెరికాలో ‘ద హబ్’ అనే చానల్ మొదలైన రోజే ఈ కార్టూనూ మొదలైంది. బొమ్మలు అమ్ముకోవడానికి కార్టూన్లు తీయడమేంటని ఓ యానిమేషన్ విమర్శకుడు దుమ్మెత్తిపోశాడు. అదేంటో చూసి నాలుగు జోకులేద్దామని కొంతమంది కుర్రాళ్లు టీవీ ముందు కూర్చున్నారు. కూర్చున్నవాళ్లు లేవలేదు.

గులాబీరంగు గుర్రప్పిల్లల్ని ఇష్టపడుతున్నానని ఇరవై ఏళ్ల కుర్రాడు బయటికి చెబితే అమెరికాలో అయినా, ఆముదాలవలసలో అయినా నవ్వుతారు. కాబట్టి ఆ మాట నోరువిప్పి చెప్పగలిగిన మరో కుర్రాడు కనపడితే చాలు, ప్రాణమిత్రుడు దొరికినట్టే. శనివారం పొద్దున ఎపిసోడ్ చూడటం, మిగతా వారమంతా దానిమీదే కబుర్లు, బొమ్మలు, పాటలు, కథలు. పెన్సిల్ పట్టడం రానివాళ్లు పోనీల కోసం బొమ్మలేయడం నేర్చుకున్నారు. కంప్యూటర్ ముందు కూర్చుని బాణీలు కట్టడం నేర్చుకున్నారు. నలుగురు నవ్వుతారన్న సిగ్గే వాళ్లను కలిపిన జిగురు. కార్టూన్ గొప్పతనం ఎంతైనా ఉండనీ, దానిది రెండో స్థానమే.

ట్వైలైట్‌కు రెక్కలు!

‘కార్టూన్ చెడిపోయింది, అందుకే వెళ్లిపోయాం’... అభిమానులు వెళ్లిపోయేటప్పుడు ఎక్కడైనా వినపడే మాట ఇదే. బ్రోనీలకు ఇందుకు సాకులూ దొరికాయి. లారెన్ ఫాస్ట్ మొదటి సీజన్ తర్వాత పగ్గాలు వదిలేసింది. రెండో సీజన్‌తో పూర్తిగా తప్పుకుంది. 2013 ఫిబ్రవరిలో మూడో సీజన్ చివరి ఎపిసోడ్‌లో ట్వైలైట్‌కు రెక్కలు మొలిచాయి. ఒంటికొమ్ము గుర్రం కాస్తా రాకుమారి అయిపోయింది. తమలాంటి పుస్తకాల పురుగేనని ఆమెను ఇష్టపడ్డవాళ్లు గొల్లుమన్నారు. కొత్త బొమ్మ అమ్ముకోవడానికే రెక్కలు తగిలించారన్నారు. అదే ఏడాది జూన్‌లో పోనీలను హైస్కూలు అమ్మాయిలుగా మార్చి ‘ఈక్వెస్ట్రియా గర్ల్స్’ తీసినప్పుడైతే చెప్పనక్కర్లేదు.

మరి నిజంగా రెక్కలే కారణమైతే 2013 నుంచే జాతర పల్చబడాలిగా? లేదు. మరో రెండేళ్లు పెరుగుతూనే పోయింది. అలిగినవాళ్లు కూడా జాతరకు వచ్చారనే అనుకోవాలి. తిట్టుకోవడానికైనా పక్కన ఒకరుండాలి కదా!

ఈ కుర్రాళ్లు ఆ కార్టూన్‌ను ఎంతగా సొంతం చేసుకున్నారో డెర్పీ గొడవ చెబుతుంది. మొట్టమొదటి ఎపిసోడ్‌లో గుంపు వెనకాల ఓ బూడిదరంగు గుర్రం కనిపిస్తుంది, రెండు కళ్లూ చెరోవైపు చూస్తూ. దానికి పేరు లేదు, మాట లేదు. అభిమానులే ‘డెర్పీ’ అని పేరు పెట్టారు. దానికో కూతుర్నీ ఉద్యోగాన్నీ ఊహించారు. ఆ ముచ్చట తయారీదారుల చెవిన పడింది. 2012 జనవరిలో డెర్పీ మొదటిసారి మాట్లాడింది. తెరమీదే దాన్ని పేరుపెట్టి పిలిచారు కూడా. బ్రోనీలకు పండగే! అయితే, వైకల్యం ఉన్నవారిని ఎగతాళి చేసినట్టుందంటూ కొందరు తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పారు. తర్వాత అమ్మకానికి పెట్టిన ఎపిసోడ్‌లో పేరు తీసేశారు. గొంతు మార్చేశారు. దాంతో అభిమానులు రెండు వర్గాలయ్యారు. మా డెర్పీని మాకిచ్చేయమని ఒకరు, ఫిర్యాదు చేసినవాళ్ల బాధా వినాలి కదా అని మరొకరు. తెరమీద నిమిషమైనా లేని ఆ కాసిని మాటల కోసం స్నేహితులు ముఖముఖాలు చూసుకోవడం మానేశారంటే నమ్మబుద్ధి కాదు. అయితే హీరో కటౌట్ ఎత్తు గురించి ఊళ్లో మాటలు మానేసినవాళ్లను ఎరిగిన మనకు ఇదేమంత వింత కాదు.

ప్రేమతో చేసినదానికి లాయర్ నోటీసు వస్తే ఆ దెబ్బ వేరు. కొందరు బ్రోనీలు జట్టుకట్టి పోనీలతో ఓ ఫైటింగ్ గేమ్ తయారుచేయడం మొదలుపెట్టారు. దాదాపు రెండేళ్లు రాత్రింబగళ్లు పనిచేశారు. 2013 ఫిబ్రవరిలో, ఆపేయమంటూ హాస్బ్రో నుంచి నోటీసొచ్చింది. చట్టప్రకారం బొమ్మలు కంపెనీవే, తప్పుపట్టడానికి లేదు. సంగతి తెలిసిన లారెన్ ఫాస్ట్ వాళ్లకు కొత్త జంతువుల్ని గీసిచ్చింది. వాటితో ఆ ఆట ‘దెమ్స్ ఫైటిన్ హెర్డ్స్’ పేరుతో 2020లో పూర్తిగా విడుదలైంది. ఆ కుర్రాళ్ల కథ సుఖాంతమే. అలా గీసిచ్చేవాళ్లు అందరికీ దొరకరుగా.

అందులో నేనూ ఒకణ్నా?

వెళ్లిపోవడానికి కార్టూన్ కన్నా పక్కవాడే కారణమైన సందర్భాలూ ఉన్నాయి. పిల్లల కార్టూన్‌లోని బొమ్మలకు బూతుబొమ్మలు గీసేవాళ్లు ఈ గుంపులో మొదట్నుంచీ ఉన్నారు. గీసేది కొందరే. కానీ, ‘నేను బ్రోనీని’ అనగానే ఎదుటివాడికి గుర్తొచ్చేది అవే అయితే? మొదట నవ్వితే పడ్డారు. ఇప్పుడు అనుమానంగా చూస్తున్నారు. ఆ రెంటికీ చాలా తేడా ఉంది. 2020లో అమెరికా అంతటా నల్లజాతివారిపై వివక్షకు వ్యతిరేకంగా నిరసనలు జరుగుతున్నప్పుడు, జాతివిద్వేషం నిండిన పోనీ బొమ్మల్ని ఉంచాలా తీసెయ్యాలా అన్న రగడ ఇక్కడా రాజుకుంది. స్నేహం గురించిన కార్టూన్ దగ్గర ఇదేం చర్చ అని విసిగిపోయినవాళ్లు మెల్లగా తప్పుకున్నారు.

ఈ సిగ్గు ఒక్క పోనీల వాళ్లదే కాదు. ‘రిక్ అండ్ మోర్టీ’ కార్టూన్‌లో ఓ సాస్ గురించి మాటొస్తుంది. 1998లో ‘ములాన్’ సినిమా ప్రచారం కోసం మెక్‌డొనాల్డ్స్ ఇచ్చిన సాస్ అది. దాన్ని 2017 అక్టోబరు 7న ఒక్కరోజు ఇస్తామని ఆ సంస్థ ప్రకటించింది. వేలమంది క్యూ కట్టారు. వచ్చిన సాస్ ఏ మూలకూ చాల్లేదు. కౌంటర్ దగ్గర నిలబడ్డ జీతగాళ్ల మీద కొందరు అభిమానులు అరిచి గోలచేసిన వీడియోలు ఊరూవాడా తిరిగాయి. ఆ వారం ఆ కార్టూన్ బొమ్మ ఉన్న టీషర్టు వేసుకుని బయటికెళ్లడానికి ఇంకో అభిమానికి మొహమాటమేసే ఉంటుంది. తనేం చేశాడు పాపం!

చడీచప్పుడూ లేకుండా...

కార్టూన్‌కు అభిమానులు దూరమవడం ఏముంది, ఎదిగితే మానేస్తారు అనుకుంటాం. హైదరాబాద్‌లో పుట్టి, 2008 నుంచి పోగో చానల్‌లో ఇంటింటికీ వచ్చిన ‘ఛోటా భీమ్’నే తీసుకోండి. లడ్డూ తింటే భీముడికి బలమొస్తుందని ఐదేళ్లప్పుడు తనూ లడ్డూ అడిగిన పిల్లాడు పదో తరగతికొచ్చేసరికి ఆ ఊసే ఎత్తడు. అందులో విడ్డూరం ఏమీ లేదు. బ్రోనీల సంగతి అలా కాదు. వాళ్లు ఎదిగాకే వచ్చినవాళ్లు. అందుకే వాళ్లు వెళ్లిన దారి చిత్రంగా ఉంటుంది.

లెక్క వేస్తే తెలుస్తుంది. 2011లో కాలేజీలో ఉన్న ఇరవై ఏళ్ల కుర్రాడు ఆఖరి జాతరనాటికి ఇరవై ఎనిమిదేళ్ల ఉద్యోగి. మధ్యలో చదువు అయిపోయింది. ఊరు మారింది. పెళ్లో, అప్పో, రెండూనో వచ్చాయి. బాల్టిమోర్ వెళ్లాలంటే విమానం టికెట్టు, హోటలు గది, టికెట్టుకు సొమ్ము... వీటన్నిటినీ మించి, బాస్‌ను అడగాల్సిన నాలుగు రోజుల సెలవు. దేనికి అని అడిగితే ఏం చెప్పాలి?

బొమ్మలు గీసేవాళ్లది మరో అవస్థ. మొదట సరదాకు గీశారు. బాగున్నాయని డబ్బులిచ్చి గీయించుకునేవాళ్లు వచ్చారు. ఆర్డర్లు, గడువులు, ‘ఇంకా కాలేదా’ అనే ఫోన్లు. అలసిపోయి ఆఫీసు నుంచి ఇంటికొచ్చి, ఇంట్లో మళ్లీ అలాంటి ఆఫీసే తెరిచినట్టయింది.

ఇక్కడే ఓ మెలిక ఉంది. కార్టూన్‌ను వదలడం వేరు, జనాన్ని వదలడం వేరు. రెండింటికీ మధ్య ఏళ్లు గడవచ్చు. నాలుగో సీజన్‌తోనే చూడటం మానేసినవాడు కూడా ఆ నలుగురు స్నేహితుల కోసం జాతరకు వెళ్తూనే ఉంటాడు. వాళ్లలో ఒకడికి ఉద్యోగం వచ్చి రాలేదు. సర్లే, ముగ్గురం ఉన్నాంగా. వచ్చే ఏడాది ఇంకొకడికి పాప పుట్టింది. మిగిలిన ఇద్దరూ ఫోన్ చేసుకుంటారు... ‘నువ్వెళ్తున్నావా?’ ‘నువ్వెళ్తే వెళ్తా.’ ఇద్దరూ వెళ్లరు. ఎవరికీ కోపం లేదు. ఎవరూ ‘నేను మానేస్తున్నా’ అని ప్రకటించలేదు. ఈ ఏడాదికి పోనీలే అనుకున్నారు, అంతే! గొడవపడి వెళ్లినవాడి గురించి పదిమందీ చెప్పుకుంటారు. ఇలా వెళ్లినవాడి కుర్చీ ఖాళీగా ఉందని కూడా చాన్నాళ్లకు గానీ తెలియదు. పైగా పోనీలను చూస్తే నవ్వే కాలం కూడా పోయింది. ఒక సిగ్గు దాచుకోవడం కోసం దగ్గరైనవాళ్లకు దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు.

వింతేమిటంటే జాతర మొదటిసారి 10 వేలు దాటిన 2015లోనే కార్టూన్ కూడా వందో ఎపిసోడ్‌కు చేరింది. దాన్ని హాస్బ్రో వాళ్లు డెర్పీ లాంటి వెనకవరస గుర్రాలకే కేటాయించారు. అచ్చంగా అభిమానులకిచ్చిన కానుక. మొహం చాటేయడానికి సాకు ఏమీ లేని ఏడాది అది. ఆ తర్వాతి వేసవికే ప్రతి నలుగురిలో ఒకరు తగ్గిపోయారు!

అందుకే ఆఖరి జాతర అనగానే హాలు నిండింది. ‘వచ్చే ఏడాది వెళ్దాంలే’ అనడానికి వచ్చే ఏడాది లేదని తేలిపోయాక సెలవు దొరికింది. టికెట్టుకు డబ్బూ దొరికింది. అటకమీది తోకా దొరికింది. సియాటెల్ ప్రాంతంలో జరిగే ‘ఎవర్‌ఫ్రీ నార్త్‌వెస్ట్’ లాంటి చిన్న జాతరలు ఆ తర్వాతా సాగాయి. 2021లో కొత్త గుర్రాలతో, కొత్త కథతో నెట్‌ఫ్లిక్స్‌లో సినిమా కూడా వచ్చింది. కానీ ఆ పాత ఆరుగురి కథ తొమ్మిది సీజన్లు, 220కి పైగా ఎపిసోడ్ల తర్వాత 2019 అక్టోబరు 12న ముగిసింది.

ఆ చివరి ఎపిసోడ్‌లో ట్వైలైట్ పెద్దదై రాజ్యమేలుతుంటుంది. స్నేహితులంటే లెక్కలేని ఓ శిష్యురాలికి తన పాత కథ చెబుతుంది. పట్టాభిషేకం నాడు, అయిదుగురు స్నేహితురాళ్లూ ఇక తలోదారీ పడతారేమోనని ఆమె బెంగపెట్టుకుంటుంది. చివరికి ఆరుగురూ ఓ ఒప్పందానికొస్తారు... ఎవరి పనులు ఎన్నున్నా నెలకోసారి కలవాలని. ఆ ఎపిసోడ్ ప్రసారమయ్యేసరికి బాల్టిమోర్‌లో హాలు ఖాళీ అయి రెండు నెలలు దాటింది.